ముద్ర వేసిన చెక్క

బర్మాలో, తామ్వే పేటలో మా సందులో చెక్క కొన్న ఇల్లు ఒక్కటీ లేదు. మంచాలు, మెట్లు, తలుపులు, అమ్మవారి పల్లకి మోసే కర్రలు, బియ్యం డబ్బా కింద పీట, అన్నీ ఓడ చెక్కే. మా ముత్తాతలు శ్రీకాకుళం, గంజాం వైపు నుంచి రేవులో మూటలు మోయడానికి వచ్చినవాళ్లు. సరుకు దింపాక మిగిలే విరిగిన పెట్టెలు, ఓడ అడుగున సరుకు కదలకుండా వేసే దిమ్మెలు వాళ్లకు వదిలేసేవారట. అది జీతంలో భాగం కాదు, దొంగతనమూ కాదు. రేవులో పనిచేసేవాడి ఇంటికి ఓడ చెక్క వస్తుంది, అంతే. మా తరంలో మూటలు మోసేవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఒకరు బ్యాంకులో, ఒకరు ఫోన్లు బాగుచేసే కొట్లో, ఇద్దరు లమ్మడాలో ఉల్లిపాయల టోకు దుకాణంలో ఉన్నారు. అయినా ఇంట్లో ఒక బల్ల కావాలంటే ఇప్పటికీ ముందుగా అడిగేది ఒకటే, రేవు పక్క సేక్కాన్‌లో మనవాళ్లు ఎవరున్నారని.

ఆ ప్రశ్నకు చాలా ఏళ్లు జవాబు మా మావయ్య. తరవాత మావయ్యా, నేనూ.

మావయ్య మా అమ్మకు తమ్ముడు. సేక్కాన్‌లో ఒక చిన్న చెక్క యార్డుకు మేస్త్రీ. ఓడల్లో వచ్చిన వాడిన చెక్కను కొని, వేడి గదిలో పెట్టి లోపలి పురుగును చంపి, ముద్ర వేసి, మళ్లీ పెట్టెలుగా కట్టి అమ్మేవారు. నాకు మెకానికల్ డిప్లొమా వచ్చిన నెలలోనే మావయ్య నన్ను అక్కడ చేర్పించాడు. మొదటి రోజు అతను నేర్పిన సూత్రం నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. చెక్క నడిమధ్యలో వేడి యాభై ఆరు డిగ్రీలకు చేరాలి. చేరాక ముప్పై నిమిషాలు అక్కడే నిలవాలి. చెక్క పైన వేడి ఎంతున్నా లెక్కలోకి రాదు, నడిమధ్యలోదే లెక్క. అందుకని అన్నిటికంటే మందమైన దిమ్మెకు రంధ్రం వేసి, అందులో ఒక వేడిమాపకం దూరుస్తారు. దాన్ని మేం సూది అనేవాళ్లం. దాని తీగ గోడలోంచి బయటికి వచ్చి ఒక యంత్రానికి కలుస్తుంది. ఆ యంత్రం కాగితం మీద గీత గీస్తుంది. గీత సరిగా ఉంటే కాగితం కింద నేను సంతకం పెడతాను. తరవాత చెక్క మీద ముద్ర పడుతుంది.

గదిలో చెక్క పేర్చడం, సూది దూర్చడం, తలుపు మూయడం మావయ్య పని. నేను లోపలికి వెళ్లబోతే ఆపేసేవాడు. చిన్నప్పుడు నాకు ఆయాసం ఉండేది. ఏడో క్లాసు దాకా శీతాకాలమంతా అమ్మ నన్ను కూర్చోబెట్టే నిద్రపుచ్చేది. "ఆ దుమ్ము నీకు పడదురా. నువ్వు బయిట గీత సూసుకో, లోపల నాను సూసుకుంతాను," అనేవాడు. నాలుగేళ్లలో నేను ఆ గది గడప దాటలేదు. నా మీద అంత శ్రద్ధ ఉన్న మనిషి మా కుటుంబంలో అమ్మ తరవాత అతనొక్కడే అనుకున్నాను.

మా సందులో ఏడు పడౌక్ చెట్లు ఉండేవి. పడౌక్ అంటే మన వైపు ఏగిస చెట్టుకు దగ్గరి చుట్టం. ఎండాకాలం చివర మొదటి వాన పడ్డ మర్నాడు చెట్టంతా పసుపుపచ్చగా పూస్తుంది. ఒక్కరోజే. సాయంత్రానికి పూలు రాలి రోడ్డు మీద ఉంటాయి. ఆ ఒక్కరోజు బర్మా ఆడవాళ్లూ మన ఆడవాళ్లూ తేడా లేకుండా అందరి జడల్లోనూ అవే. నేను చెట్లకు సందు మొదటి నుంచి అంకెలు వేసుకుని, నోటుపుస్తకంలో ఒక్కోదానికి రెండు పేజీలు పెట్టుకున్నాను. కాండం చుట్టుకొలత, మొదటి కొమ్మ ఎత్తు, పూసిన రోజు. ఎవరూ అడగలేదు. నాకలా అలవాటు.

నాలుగో చెట్టు కింద ఒకావిడ పలాటాలూ, అంటే మన పరోటాలే, టీ అమ్మేది. మా చుట్టం కాదు గానీ సందులో అందరికీ అప్ప. భర్త పోయాక ఆ చెట్టు నీడే ఆవిడకు దుకాణం. పైన రేకు లేదు, గోడ లేదు. ఒక పొయ్యి, ఒక పెనం, నాలుగు ప్లాస్టిక్ స్టూళ్లు, చెట్టు. వార్డు ఆఫీసువాళ్లు రేకు వేసుకోనివ్వరు. చెట్టు ఉన్నంతవరకు అక్కర్లేదు కూడా.

రోగం వచ్చిన ఏడాది టీ దుకాణాల్లో కూర్చోనివ్వడం మానేశారు. మనిషికీ మనిషికీ మధ్య ఆరడుగులుండాలన్నారు. అప్పుడు మావయ్యకు ఒక ఆలోచన వచ్చింది. ఏడు చెట్ల చుట్టూ ఏడు బల్లలు కడితే అప్ప దగ్గర టీ కొనుక్కుని ఎవరి చెట్టు కింద వాళ్లు కూర్చోవచ్చు. యార్డు నుంచి దిమ్మెలూ పలకలూ తెచ్చాం. కాళ్లకు దిమ్మెలు, పైన పలకలు. కొన్ని దిమ్మెల మూలల్లో ఇంకా బెరడు ఉంది. అన్నిటి మీదా మా ముద్ర ఉంది. కొలతలు నేను వేశాను, కోసింది మావయ్య. రెండు ఆదివారాల్లో పని అయిపోయింది. సందు సందంతా మమ్మల్ని మెచ్చుకుంది.

ఆ వానాకాలం తరవాత ఒకరోజు పొద్దున అప్ప నన్ను పిలిచింది.

"ఓరి ఇంజినీరా, మొదటి సెట్టు పౌడరు రాసుకుంటంది, సూసినావా?"

వెళ్లి చూశాను. కాండం మీద నిజంగానే తెల్లటి పొడి. దగ్గరగా చూస్తే అది పొడి కాదు. సన్నటి రంపపు పొట్టు, పుల్లల్లా గట్టిపడి, బెరడులోంచి బయటికి పొడుచుకొచ్చి ఉంది. ముట్టుకుంటే రాలిపోతోంది. ఒక్కో పుల్ల కింద ఒక రంధ్రం, గుండుసూది తలంత. ఆ రోజు మొదటి చెట్టుకు ముప్పై ఒకటి లెక్కపెట్టాను. వారానికి నూట నాలుగు. ఆ తరవాత ఆకులు పండకుండానే, పచ్చగా ఉండగానే వేలాడిపోయాయి. నీళ్లు అందని చెట్టులా ఉంది, కానీ కింద నేల తడిగానే ఉంది.

బెరడు చెక్కి రెండు పురుగుల్ని పట్టాను. బియ్యపు గింజలో సగం ఉంటాయేమో. గోధుమరంగు పెంకు. ఫోటో తీసి, నాకు తెలిసిన ఒక కాలేజీ మాస్టారికి పంపాను. పడౌక్‌ని ఇలా తొలిచే పురుగును తాను చూడలేదని, బయటినుంచి వచ్చినదై ఉండొచ్చని, తనతో పాటు ఒక బూజును మోసుకొస్తుందేమోనని, ఆ బూజే చెట్టు లోపలి నీటి దారుల్ని మూసేస్తుందని జవాబిచ్చారు. మైక్రోస్కోపు కింద చూస్తే గాని పేరు చెప్పలేనన్నారు. పురుగుల్ని స్పిరిట్ సీసాలో వేసి పంపాను.

ఆ సీసా మాస్టారికి చేరిన కొన్నాళ్లకే సైన్యం ప్రభుత్వాన్ని పడగొట్టింది. మాస్టారు సమ్మెలోకి వెళ్లారు. ప్రయోగశాలకు తాళం పడింది. కొన్ని వారాల తరవాత మొబైల్ ఇంటర్నెట్ కూడా పోయింది. ఆయన ఫోను ఇప్పటికీ కలవదు. ఆ పురుగు పేరు ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

రేవు ఆగిపోయింది. యార్డు మూతపడింది. నేనూ సమ్మెలో ఉన్నాను. పగలు ఊరేగింపులకు వెళ్లేవాణ్ని, చీకటి పడే వేళకు అందరితో పాటు వాకిట్లో నిలబడి సైన్యం మీద నిరసనగా గిన్నెలు మోగించేవాణ్ని. మధ్యాహ్నాలు మాత్రం రంధ్రాలు లెక్కపెట్టేవాణ్ని. అప్పటికి మొదటి చెట్టు ఎండిపోయింది, రెండోదానికి పొట్టు రావడం మొదలైంది. మిగిలిన అయిదింటినైనా దక్కించుకోవాలి. అందుకు పురుగు ఎక్కడినుంచి వస్తోందో తెలియాలి.

ఒక సాయంత్రం అందరం నాలుగో చెట్టు దగ్గర చేరాం. మావయ్య బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నాడు. సందులో ఇరవై మంది దాకా ఉన్నారు.

"పురుగు ఎక్కడినించి వొచ్చిందో నాను సెప్తాను," అంది అప్ప పెనం మీద పిండి తిప్పుతూ. "మావా అల్లుళ్లు ఎత్తుకొచ్చిన ఓడ సెక్కలోంచి. బల్లలు రాకముందు ఉందేటి ఈ పీడ?"

"ముద్ర ఉన్న చెక్కలో పురుగు బతకదప్పా," అన్నాను.

"పురుక్కి సదువొచ్చేటి, ముద్ర సదూకుని సచ్చిపోడానికి?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఇంటికి వెళ్లి ఫైలు తెచ్చాను. ప్రతి చార్టుకూ నేను ఒక నకలు దాచుకునేవాణ్ని. బల్లల కోసం తెచ్చిన చెక్క ఏ రోజు గదిలో పెట్టారో చూసి, ఆ కాగితం తీసి చదివాను. యాభై ఎనిమిది డిగ్రీలు, ముప్పై నాలుగు నిమిషాలు. రెండో విడత యాభై ఏడు, ముప్పై ఆరు. ఆ వేడిలో గుడ్డు కూడా మిగలదని, రేవు నుంచి బయటికి వెళ్లే ప్రతి చెక్కకూ ఇదే పరీక్ష అని, పురుగు ఇంకెక్కడినుంచో ఎగిరి వచ్చిందని చెప్పాను. బల్లలు తీసేయడం అనవసరమని, ముందు మొదటి చెట్టును కొట్టేసి, మిగతా కాండాలకు సున్నం పట్టించాలని చెప్పాను. చెప్పాక మావయ్య వైపు తిరిగాను.

"మావయ్యా, నువ్వే చెప్పు."

అతను టీ గ్లాసులోకి చూశాడు. ఇంకో గుక్క తాగాడు.

"ఇంజినీరు సెప్పినాడు గదా. కాయితం ఉంది గదా. మరింకేటి కావాల," అన్నాడు.

అప్ప నా చేతిలోని కాగితం తీసుకుని తిరగేసి చూసింది. ఆవిడకు తెలుగు చదవడం రాదు, బర్మా కొంచెం వచ్చు, కాగితం మీద ఉన్నది రెండూ కాదు. కింద నా సంతకాన్ని వేలితో తడిమి, కాగితం తిరిగి ఇచ్చింది.

"సరే బాబూ. నీ మాట మీద ఉంచుతన్నాను," అంది.

మొదటి చెట్టు కొట్టేశాం. మిగిలినవాటికి సున్నం పట్టించాం. బల్లలు అలాగే ఉన్నాయి. మూడు వారాల్లో సున్నాన్ని తోసుకుని మూడో చెట్టుకు పొట్టు వచ్చింది, నెలకు అయిదోదానికి. నాలుగోదానికి రాలేదు. ఎందుకు రాలేదో నాకు తెలియదు. అప్ప పొయ్యి పొగ వల్లనేమో అని పుస్తకంలో రాసుకుని, పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.

అదే రోజుల్లో సందు మొదట అడ్డుగోడ కట్టాలని కుర్రాళ్లు వచ్చారు.

"అకో, అన్నా, బల్లలు ఇచ్చేస్తావేటి? సెట్టు కింద వీటికేటి పని. రోడ్డుకడ్డంగా పెడితే పనికొస్తాయి."

ఆరో చెట్టుది, ఏడో చెట్టుది విప్పి ఇచ్చాం. ఇసుక బస్తాలు, పాత టైర్లు, చెత్త బుట్టలు, మా బల్లలు. అది నాలుగు రోజులు నిలిచింది. అయిదో రోజు పొద్దున సైనికులు వచ్చి దగ్గరి ఇళ్లలోంచి మమ్మల్ని బయటికి పిలిచి, దాన్ని మా చేతులతోనే తీయించారు. వంచిన తల ఎత్తకుండా లాగాం. దిమ్మెలు ఎక్కడ పెట్టాలో ఎవరికీ తోచలేదు. నేనే చెప్పాను, ఆరు, ఏడు చెట్ల మొదళ్లకు ఆనించి పెట్టండి, ముద్ర ఉన్నదే, పరవాలేదని. ఆ మాట ఎంత మామూలుగా అన్నానో నాకు గుర్తుంది.

వానలు మొదలయ్యాక రోగం మళ్లీ వచ్చింది. ఈసారి సందులో ఇంటికొకరు పడ్డారు. మావయ్యా పడ్డాడు. మా ఇంటి వెనక గదిలో తలుపు వేసుకుని ఒక్కడే ఉన్నాడు. అమ్మ గంజి కాచేది, నేను గడప దగ్గర పెట్టి వచ్చేవాణ్ని. అతను జ్వరంలో ఉండగానే యార్డు యజమాని నుంచి కబురు వచ్చింది. ఒక ఓడ వచ్చింది, ఒక్క విడత చెక్క వేడి చేయాలి, మేస్త్రీ లేకపోతే నన్నే చేయమని. సమ్మె అప్పటికి చాలాచోట్ల చెదిరిపోయింది. ఇంట్లో మందులకు ఇబ్బందిగా ఉంది. వెళతానన్నాను.

ఆ సంగతి మూసిన తలుపులోంచి మావయ్యకు చెప్పాను. లోపల దగ్గు ఆగింది.

"నువ్వు ముట్టుకోకు. నాను లేసి వొత్తాను."

"నీకు లేచే ఓపిక లేదు."

"సూది సంగతి నీకు తెలీదురా. దుమ్ము పడదు నీకు. వొద్దు."

జ్వరంలో కూడా నా ఆయాసం గురించే ఆలోచిస్తున్నాడని కళ్లు చెమ్మగిల్లాయి. రెండు మాస్కులు పెట్టుకుని వెళ్లాను.

వేడి గది నేననుకున్నదానికంటే చిన్నది. అడుగున హీటరు, దాని మీద ఇనుప జాలీ. సూది తీగను వెతుక్కుంటూ వెళితే అది చెక్క పేర్చే చోటికి పోలేదు. హీటరు వెనక్కి పోయింది. అక్కడ జాలీ మీద, జానెడు పొడవున్న ఒక ఎండు ముక్క ఉంది. దానికి ఒక రంధ్రం. సూది అందులో ఉంది. ముక్క పైభాగం వేడికి నల్లబడింది. రంధ్రం అంచు నునుపుగా, మెరుస్తూ ఉంది. కొత్తగా వేసిన రంధ్రం అంచు అలా ఉండదు. ఏళ్ల తరబడి తీసి పెడితేనే అలా అరుగుతుంది.

నేను దాన్ని కదపలేదు. మామూలుగా చేసే పనులన్నీ చేశాను. చెక్క పేర్చాను, అన్నిటికంటే మందమైన దిమ్మెకు నడిమధ్య దాకా రంధ్రం వేసి, యార్డు సామాన్లలో వెతికి తీసిన వేరే వేడిమాపకం దూర్చాను. తలుపు మూసి యంత్రం వేశాను. ముప్పై నిమిషాలు గడిచేసరికి కాగితం మీద గీత యాభై ఎనిమిది దగ్గర చక్కగా పడుకుంది. తలుపు తీసి రెండోది చూశాను. ముప్పై ఏడు.

ముప్పై ఏడు అంటే మనిషి ఒంటి వేడి. ఆ వేడిలో ఏ పురుగూ చావదు.

మళ్లీ ఒకసారి చేశాను. ముప్పై ఎనిమిది. ఆ రోజు చార్టు మీద సంతకం పెట్టలేదు. యజమానితో హీటరు పాడైందని చెప్పి వచ్చేశాను. సందులోకి రాగానే ఆరో చెట్టుకు ఆనించిన దిమ్మె ఒకటి తీసి గొడ్డలితో నిలువునా చీల్చాను. బెరడు ఉన్న మూల నుంచి లోపలికి సన్నటి దారులు ఉన్నాయి. దారుల గోడలు నల్లగా మరకపట్టి ఉన్నాయి. మొదటి చెట్టును కోసినప్పుడు చూసిన మరక అదే. అక్కడినుంచి తల ఎత్తి ఆరో చెట్టు మొదలు చూశాను. పదహారు రంధ్రాలు.

వెంటనే అడగలేదు. అతనికి ఊపిరి అందడం లేదు. పక్క సందులో ఆక్సిజన్ సిలిండరు కోసం వరసలో నిలబడ్డ మనిషి తిరిగి వచ్చేసరికి ఇంట్లో వాళ్ల నాన్న పోయాడు. నేను గంజి పెట్టాను, మందులు పెట్టాను, తలుపు బయట నిలబడి దగ్గు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాను. దగ్గు తగ్గాక, ఆరో రోజున అడిగాను.

"సూది హీటరు మీద ఎందుకుంది, మావయ్యా?"

మంచం కిర్రుమంది. అతను తలుపు అవతలికి వచ్చి కూర్చున్నట్టున్నాడు. మాట కిందినుంచి వచ్చింది.

"వొద్దని సెప్పినాను గదా."

"ఎప్పటినుంచి?"

"నువ్వు రాకముందు నించి. నిజంగా వేడెక్కిస్తే సెక్క పగిలిపోతాది. కరెంటు ఉండదు. డీజిలు పొయ్యమంతే యజమాని ముకం సూడలేం. అందరూ ఇలగే సేస్తారు బాబూ. ముప్పై యేళ్లుగా ఆ సెక్క మీదే పడుకుంతన్నాం, ఎవుడికేటైంది?"

"నాకెందుకు చెప్పలేదు?"

"సెప్తే సంతకం పెట్టీవోడివా నువ్వు?"

నా దగ్గర ఇంకొక ప్రశ్న ఉంది. అసలు అదే ప్రశ్న.

"ఆ సాయంత్రం అప్ప అడిగినప్పుడు ఎందుకు ఊరుకున్నావు? నేను కాగితం చదువుతుంటే ఎదురుగా కూర్చున్నావు. నువ్వే చెప్పమని అడిగాను కూడా."

"అందరి ముందల నిన్ను సిన్నబుచ్చమంతావేటి?"

తలుపు సందులోంచి అతని వేళ్లు కనిపిస్తున్నాయి. నాకు పెన్సిలు చెక్కడం, కొలతబద్ద పట్టుకోవడం నేర్పిన వేళ్లు. అతను తప్పు చార్టులు చేయించినందుకు నాకు అంత కోపం రాలేదు. యార్డులు ఎలా నడుస్తాయో నాకూ కొంత తెలుసు. కానీ ఆ సాయంత్రం ఇరవై మంది ముందు నేను గొంతు పెంచి అంకెలు చదువుతుంటే, అవి అబద్ధమని తెలిసిన మనిషి అక్కడ ఒక్కడే ఉన్నాడు. అతను టీ తాగాడు. అప్పుడే ఒక్క మాట అని ఉంటే అయిదు చెట్లు మిగిలేవి.

"నాను లేసి వొచ్చి అందరికీ సెప్తాను," అన్నాడు తలుపు వెనకనుంచి. "నా నోటితో సెప్తాను. అందాకా బల్లలు ఇప్పకు. అడుగుతారు."

సరేనన్నాను. మొదళ్లకు ఆనించిన దిమ్మెల్ని మాత్రం వర్షం వంకతో తీయించి, చెట్లకు దూరంగా నాపరాళ్ల మీద పెట్టాను. బల్లలు విప్పలేదు. అతను లేచి నడవడానికి ఇంకా పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజుల్లో ఏడో చెట్టుకు మూడు రంధ్రాలు వచ్చాయి, నాలుగోదానికి తొమ్మిది. అవి ముందే లోపల ఉన్నవా, అప్పుడు దూరినవా అన్నది తేల్చడానికి నా దగ్గర ఏ పద్ధతీ లేదు. ఆ పదకొండు రోజుల ఆలస్యం మాత్రం నాదే.

పన్నెండో రోజు పొద్దున మావయ్య చేతికర్రతో నాలుగో చెట్టు దాకా నడిచాడు. పక్కన నేనున్నాను. అప్ప లేచి స్టూలు వేసింది. అల్లం ఎక్కువ వేసి టీ ఇచ్చింది. అయిదారుగురు చుట్టూ చేరారు. మావయ్య జ్వరం గురించి చెప్పాడు. నాలుకకు రుచి తెలియకపోవడం గురించి, గంజి ఇసుకలా ఉండడం గురించి చెప్పాడు. ఒకరు నవ్వించారు, అతనూ నవ్వాడు. టీ అయిపోయింది. ఇంకోటి అడిగాడు. నేను అతని ముఖంలోకి చూస్తున్నాను. అతను నా వైపు చూడడం లేదు.

రెండో టీ కూడా అయిపోవచ్చింది. అప్పుడు నేనే చెప్పాను.

"అప్పా, నా చార్టులు తప్పు. ఆ చెక్క వేడెక్కలేదు. పురుగు బల్లల్లోంచే వచ్చింది. ఇవాళే అన్నీ విప్పి కాల్చేయాలి."

పెనం మీద పలాటా మాడుతున్న వాసన వచ్చింది. అప్ప దాన్ని తీసి పక్కన పెట్టింది.

"నువ్వే గదా సదివినావు. యాభై ఎనిమిదన్నావు. నాకు గుర్తుంది."

"అన్నాను."

"మరి యంత్రం తప్పా, నువ్వు తప్పా?"

నేను మావయ్య వైపు తిరిగాను. ఇంతకంటే తేలికగా ఆ మాట చెప్పే అవకాశం ఎవరికీ దొరకదు. తలుపు తీసి పెట్టినట్టే. అతను గ్లాసు కింద పెట్టి, మూతి తుడుచుకుని, నా భుజం మీద చెయ్యి వేశాడు.

"కుర్రోడు అప్పా. యంత్రాన్ని నమ్మీసినాడు. ఏటి సేస్తాం," అన్నాడు.

ఆ చెయ్యి వెచ్చగా, బరువు లేకుండా ఉంది. నేను దాన్ని తోసేయలేదు. మాట సరిదిద్దలేదు. ఎందుకని చాలాసార్లు నన్ను నేను అడిగాను. ఆ రోజుల్లో ఎవరి గురించి ఏ మాట బయటపడినా అది వార్డు ఆఫీసు దాకా ఎలా పోతుందో, పోయాక ఆ మనిషిని ఎప్పుడు, ఎక్కడికి తీసుకుపోతారో ఎవరికీ తెలియదు. అది ఒక కారణం. వెనక అమ్మ నిలబడి ఉంది, అది ఇంకోటి. ఇవి రెండూ నిజమే. కానీ అవి చాలవు.

అప్ప నన్ను తిట్టలేదు. పెనం కింద మంట తగ్గించింది.

"ఇంకెప్పుడూ నాకు అంకెలు సదివి వినిపించకు బాబూ," అంది.

బల్లలు విప్పి ఆ మధ్యాహ్నమే కాల్చాం. ఆలస్యమైపోయింది. వానాకాలం సగంలో అయిదోది, ఆరోది కొట్టేశాం. మూడోది గాలికి విరిగిపడింది. రెండోది అంతకుముందే పోయింది. నాలుగో చెట్టు ఆకులు పచ్చగా వేలాడిన వారం, అప్ప పొయ్యి ఎత్తుకుని సందు చివర తన చెల్లెలి ఇంటి అరుగు మీదకు మారింది. అక్కడ ఎవరూ ఆగరు, రోడ్డు మీదికి కనపడదు. ఇప్పుడు రోజుకు పదిహేను పలాటాలు పోతే గొప్ప. నేను వెళితే డబ్బు తీసుకుంటుంది, టీ ఇస్తుంది, ఇంజినీరా అని మాత్రం పిలవదు.

చివరికి ఏడోది మిగిలింది. దానికి నలభై రెండు రంధ్రాలు లెక్కపెట్టాక ఇక కొట్టేయాల్సిందే అన్నాను. ఈసారి ఎవరూ ఎదురు చెప్పలేదు, ఒప్పుకున్నట్టూ చెప్పలేదు. కరెంటు లేదు, డీజిలు రంపం దొరకలేదు. యార్డు నుంచి ఇద్దరు లాగే పాత రంపం తెచ్చాను. రెండో మనిషి కావాలి. కుర్రాళ్లలో కొందరు ఊరు వదిలి అడవి దారి పట్టారు, కొందరు ఎక్కడున్నారో ఇంట్లోవాళ్లకే తెలియదు. మావయ్య వచ్చి రంపం అవతలి పిడి పట్టుకున్నాడు.

అతను లాగితే నేను వదిలాను, నేను లాగితే అతను వదిలాడు. ఇద్దరు లాగే రంపంలో ఎవరూ తోయకూడదు. తోస్తే రేకు వంగుతుంది. అది అతనే నేర్పాడు. చెక్క ఎర్రగా, తడిగా ఉంది. మధ్య దాకా వచ్చాక నల్లటి మరక కనిపించింది. అతనికి ఊపిరి చాలక రెండుసార్లు ఆగాం.

మూడోసారి మొదలుపెట్టాక అతను అన్నాడు.

"కోత నీ వైపు కిందికి పోతంది."

నాలుగేళ్లు యార్డులో ఆ గొంతు ఏం చెబితే అది చేశాను. ఎడమకు జరుపు అంటే జరిపాను, చాలు అంటే ఆపాను. ఎప్పుడూ తిరిగి చూడలేదు. ఈసారి పిడి వదిలేశాను. జేబులోంచి దారమూ కొలతబద్దా తీసి, కోత రెండు చివర్లూ నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో కొలిచాను. అతను అవతల పిడి పట్టుకుని నిలబడి చూస్తున్నాడు. తొందరపెట్టలేదు.

నా వైపు నాలుగు మిల్లీమీటర్లు కిందికి పోయింది. అతను చెప్పింది నిజమే.

"అవును," అన్నాను.

అతను తల ఊపాడు. నేను ఇంకోసారి కొలిచి, కోతలో చెక్క చీల దిగ్గొట్టి సరిచేసి, పిడి పట్టుకున్నాను.